పాట ఆగే చోటు

మీలో చాలామంది ఆ పాటకు ఆగి ఉంటారు. ఆడి ఉంటారని అనడం లేదు. ఆగి ఉంటారనే అంటున్నాను. పెళ్ళి ఊరేగింపుల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో, ఫోన్లలో తిరిగే చిన్న చిన్న వీడియోల్లో అందరూ చేసేది అదే. "ఎత్తినాడే రామయ్య ఎత్తినాడే, శివుడి విల్లు పైకెత్తినాడే" అని గొంతులు పైకి పోతుంటే మద్దెల వాటిని తరుముతుంది. ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, వంచిన నడుము వంచినట్టే. ఎవరో ఒకరు నవ్వాపుకోలేక తూలిపోయేలోగా మద్దెల మీద ఒక్క దెబ్బ పడుతుంది. "ఇరిసినాడే" అని గొంతులన్నీ ఒక్కసారిగా కిందికి దిగుతాయి. అప్పుడు మీరు గెంతుతారు. నా మనవరాలు కూడా గెంతుతుంది.

ఆ ఆగే చోటు గురించి చాలా కథలు పుట్టాయి. విల్లు విరిగే ముందు జనకుడి సభలో కమ్ముకున్న నిశ్శబ్దం అదేనని ఒక పెద్దాయన టీవీలో చెప్పాడు. బాగానే చెప్పాడు. మా జంషెడ్‌పూర్‌లో మాత్రం, భజన మధ్యలో ఫ్యాక్టరీ సైరన్ మోగితే అది ఆగేదాకా పాడేవాళ్ళు ఆగేవారనీ, అదే అలవాటైపోయిందనీ చెప్పుకుంటారు. నేనూ అలాగే నమ్మాను. అడిగినవాళ్ళకు అలాగే చెప్పాను కూడా. రెండూ నిజం కాదు. నిజం నాకు తెలిసిన రోజు నా ఉద్యోగ జీవితంలో అన్నిటికంటే గొప్ప రోజు. సౌండు పని నేర్చుకుంటున్న పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వచ్చి "మీ కాలంలో ఎలా ఉండేది సార్" అని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఆ రోజు సంగతి రాస్తున్నాను.

మా ఊరి సీతారామ్‌డేరాలో ఒక మేడ మీద, ఇనుప మెట్లెక్కి పోవలసిన చిన్న స్టూడియోలో రికార్డిస్టుగా పనిచేశాను. నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది. భోజ్‌పురి పెళ్ళి పాటలు, సంతాలీ పాటలు, ఒడియా భజనలు, ఎన్నికల ప్రచారం, పళ్ళపొడి ప్రకటన, ఏది వచ్చినా తీసుకునేవాళ్ళం. యజమాని పంజాబీ. మామూలుగా నన్ను గురూజీ అనేవాడు. నా పనిలో తప్పు దొరికిన రోజున పండిత్‌జీ అనేవాడు. నాలుగు పుస్తకాలు చదివినవాడికి దక్కే గౌరవం అదీ.

మా తెలుగువాళ్ళ భజన బృందం ఒకటి ఏటా శ్రీరామనవమి ముందు మా దగ్గరికి వచ్చేది. అందరినీ ఒకే గదిలో నిలబెట్టి తీసేసేవాళ్ళం. అగ్రికో కాలనీ మందిరంలో శనివారం శనివారం భజన చేసే మనుషులు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాలు. ఒకాయన రైల్వేలో, ఒకాయన కాంట్రాక్టు పనిలో, ఒకాయన స్కూలు బస్సు మీద. ఆ బృందానికి పెద్ద ఒక రిటైరైన ఖలాసీ. క్రేన్ కింద నిలబడి, బరువుకి గొలుసులు కట్టించి, పైన క్యాబిన్లో ఉన్న డ్రైవరుకి సైగలిచ్చే మనిషిని మా ఊళ్ళో ఖలాసీ అంటారు. ఖర్కాయి నది అవతల ఒక చిన్న రోలింగ్ మిల్లులో ఆయన ఖలాసీ. అదే మిల్లులో క్రేన్ నడిపిన మనిషి ఈ బృందంలో మద్దెల వాయించేవాడు. ఆ మిల్లు ఇప్పుడు లేదు. దాని చోట గోదాములున్నాయి.

ఖలాసీ నాకు స్నేహితుడు. నా దగ్గర పుస్తకాలు తీసుకెళ్ళి, చదివి, అట్ట వేసి తిరిగిచ్చేవాడు. నచ్చకపోతే "అట్ట మాత్రం గట్టిగా ఏసినాను" అనేవాడు. భజనలో ఎడమ చేత్తో చిడతలు పట్టుకుని, కుడి చెయ్యి గాలిలో ఊపుతూ మద్దెల ఎదురుగా నిలబడేవాడు. భక్తి ఎక్కువైన మనిషి అలా చెయ్యి ఆడించడం వింత కాదు గనక నేనెప్పుడూ ఆ చెయ్యిని పట్టించుకోలేదు. ఆయన ఒక వానాకాలం మొదట్లో గుండెపోటుతో పోయాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ పోయాడు. దాని గురించి ఎక్కువ రాయను. నాకు రాదు. బృందం ఆ తర్వాత పాడలేదు.

వాళ్ళలో ఎవరిదో ఫోన్లో పాత నవమి నాటి వీడియో ఒకటి ఉంది. ఖలాసీ జ్ఞాపకంగా దాన్ని ఇంటర్నెట్లో పెట్టారు. కింద దండం పెట్టే బొమ్మలు తప్ప ఇంకేమీ రావని అనుకున్నారు. వారం తిరిగేసరికి విశాఖపట్నంలో పిల్లలు ఆ పాటకు ఆగడం, గెంతడం మొదలుపెట్టారు. తర్వాత హైదరాబాదు. తర్వాత తెలుగు రాని ఊళ్ళు. మావాళ్ళు ముందు చిన్నబుచ్చుకున్నారు. చనిపోయిన మనిషి కోసం పెట్టిన పాటకు గెంతడమేమిటని. తర్వాత తమ పిల్లలే గెంతుతుంటే ఏమీ అనలేకపోయారు. మద్దెలాయన బారిడీహ్‌లో తన ఇంటి అరుగు మీద కూర్చుని, పక్కింటి పిల్లలు చూపించిన ఆ వీడియోలన్నీ చూసి నవ్వేవాడట.

హైదరాబాదు నుంచి ఒక సంగీత దర్శకుడు మా యజమానికి ఫోన్ చేశాడు. సినిమాలో ఆ పాట పెడుతున్నామనీ, అదే బృందంతో, అదే ఊళ్ళో తీయాలనీ అన్నాడు. ఇంకా చిన్నవాడే. పెద్ద పేరున్నవాడు. యజమాని ఫోన్ పెట్టేసి, ఎన్నాళ్ళుగానో నేను మొత్తుకుంటున్న ఏసీని బాగుచేయించాడు.

ఆ రోజు ఉదయం మెట్ల మీద చెప్పులు పట్టలేదు. బృందమంతా ఇస్త్రీ చొక్కాల్లో వచ్చింది. మద్దెలాయన్ని స్కూటర్ మీద ఎక్కించుకుని ఖలాసీ కూతురు వచ్చింది. ఆ అమ్మాయి ఉక్కు కంపెనీలో క్రేన్ ఆపరేటరు. తండ్రిని ఎప్పుడూ ఆమే తీసుకొచ్చేది. ఈసారి తండ్రి స్నేహితుణ్ణి తెచ్చింది. పులిహోర డబ్బాతో బయట బెంచీ మీద కూర్చుంది. లోపలికి రమ్మంటే, ఇక్కడే బాగుందని "నహీఁ అంకుల్, యహీఁ ఠీక్ హూఁ" అంది. ఈ ఊరి పిల్లలంతా అంతే. మనం తెలుగులో అడుగుతాం, వాళ్ళు హిందీలో చెబుతారు. ఇద్దరికీ అర్థమవుతుంది.

దర్శకుడు సాయంత్రం బండికి తిరిగి వెళ్ళాలి. మనిషి మర్యాదస్తుడు. అందరికీ నమస్కారం పెట్టి, పెద్దలకు కుర్చీలు వేయించి, పని మొదలుపెట్టాడు. పద్ధతి మీకు తెలిసిందే. గొంతులు ఒక గదిలో. మద్దెల విడిగా గాజు గదిలో, దాని చప్పుడు గొంతుల మైకుల్లో పడకుండా. అందరికీ హెడ్‌ఫోన్లు. హెడ్‌ఫోన్లలో టిక్ టిక్‌మని తాళం కొట్టే క్లిక్. అందరూ ఆ క్లిక్‌ని పట్టుకుని పోతే తర్వాత ఏ ముక్క ఎక్కడైనా అతకొచ్చు. మా గాజు గదిలో కూర్చున్నవాడికి నేనూ నా బల్లా కనిపిస్తాం. పాడేవాళ్ళు కనపడరు.

మొదటి టేకు. ఎర్ర బల్బు వెలిగింది. మద్దెల వెంటనే మొదలైంది. గొంతులు ఆ తర్వాత మొదలయ్యాయి. మద్దెల దారిన మద్దెల బ్రహ్మాండంగా ఉంది. గొంతుల దారిన గొంతులు బాగున్నాయి. రెండింటికీ సంబంధం లేదు. విల్లెత్తే చోట పాడేవాళ్ళు ఆగారు. మద్దెల ఆగలేదు. అది అలా పోతూనే ఉంది. పాడేవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గాజు వెనక ఆయన కళ్ళు మాత్రం అటూ ఇటూ వెతుకుతున్నాయి.

"కంగారు పడ్డాడు" అన్నాడు యజమాని హిందీలో.

"పరవాలేదు, ఇంకోటి" అన్నాడు దర్శకుడు. మైకు మీట నొక్కి, "మావయ్యగారూ, క్లిక్ సరిపోతోందా? ఇంకొంచెం పెంచమంటారా?" అని అడిగాడు.

గాజు వెనక ఆయన నవ్వి తలూపాడు. బాగుందన్నట్టు చెయ్యి కూడా ఊపాడు.

రెండో టేకూ అంతే. మూడోది ఇంకా ఘోరం. యజమాని బయటికి వెళ్ళి ఫోన్ అందుకున్నాడు. సాక్చీలో ఎలక్ట్రానిక్ ప్యాడ్ వాయించే కుర్రవాడొకడున్నాడు, అరగంటలో వస్తాడు, పెద్దాయన్ని ఫొటోలో కూర్చోబెడదాం, అంటున్నాడు. దర్శకుడు వద్దనలేదు.

నేను బల్ల మీద మద్దెల మైకు మూసేసి, దాన్ని సరిచేసే వంకతో గాజు గదిలోకి వెళ్ళాను. కింద చూశాను. హెడ్‌ఫోను తీగ నేల మీద పడి ఉంది. స్టూలు జరిపినప్పుడు ఊడి ఉంటుంది. ఎప్పుడూడిందో తెలీదు. కానీ దర్శకుడు అడిగినప్పుడల్లా ఈయన తలూపుతూనే ఉన్నాడు. ఆ హెడ్‌ఫోన్లలో క్లిక్కే కాదు, చీమ చప్పుడు కూడా లేదు.

మద్దెలాయన వెనక్కి వెళ్ళి నిలబడి, "మామా" అని గట్టిగా పిలిచాను. తిరగలేదు. బృందంలో వాళ్ళు పిలిచే పేరుతో ఇంకోసారి పిలిచాను. తిరగలేదు. ముందుకొచ్చి నిలబడి తీగ చూపించాను.

ఆయన తీగ వంక చూశాడు. నా వంక చూశాడు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తెలిసిపోనాదా బాబూ" అన్నాడు. ఆ గది మందపు తలుపు మూసి ఉంది కాబట్టి సరిపోయింది. అంత పెద్ద గొంతుతో అన్నాడు.

"ఎప్పట్నించి?" అన్నాను, పెదాలు కనపడేలా.

"మిల్లు మూసీసిన కాణ్ణించి కొంచెం కొంచెం పోనాది. ఇప్పుడు పిడుగు పడినా కాళ్ళకి తెలుస్తాది గానీ సెవులకి తెల్దు."

"మరి భజనలో ఇన్నాళ్ళూ ఎలా వాయించావు?"

"ఆడి సెయ్యి సూసేవోణ్ణి."

అర్థం కాలేదు. ఆయన తన కుడి చెయ్యి మోచేతి దగ్గర మడిచి, చూపుడు వేలు పైకి పెట్టి చిన్న చిన్న చుట్లు తిప్పాడు. "ఇది ఎత్తమని." వేలు కిందికి పెట్టి తిప్పాడు. "ఇది దించమని." ఆ వేలి మీద రెండో అరచెయ్యి కప్పాడు. "ఇది నెమ్మదిగా." చెప్తూ చెప్తూ నవ్వాడు. "క్రేను క్యాబిన్లో మాట ఇనపడతాదేటి? కింద ఖలాసీ సెయ్యే నాకు మాట. మిల్లున్నన్నాళ్ళూ ఆడు ఎత్తమంటే ఎత్తినాను, దించమంటే దించినాను. భజన్లోనూ అదే. సెవులు పోనాయని ఆడొక్కడికే సెప్పినాను. ఆడు ఎవులికీ సెప్పలేదు."

ఇన్నేళ్ళూ నేను భక్తి అనుకున్న చెయ్యి అది. నా ఎదురుగానే ఊగింది.

"మరి విల్లెత్తే చోట ఆగడం?"

"మొదట్లో మద్దెల ఓ దారి, పాట ఓ దారి ఎల్లిపోయేది, ఇప్పుడు పోయినట్టే. ఓ శనివారం ఆడికి కోపమొచ్చి, ఎత్తినాడే అన్న కాడ పిడికిలి మూసీసినాడు. ఆపమని. నానాపినాను. నానాపితే అందరూ ఆగినారు. అప్పుడు ఆడు మళ్ళీ ఏలు తిప్పినాడు, అందరం ఒక్కసారి దిగినాం. దిగినాక కలిసున్నాం. బాగుందిరా, ఇలాగే ఉంచుదాం అన్నారు. అంతే. అందులో ఇంకేటీ నేదు."

టీవీలో పెద్దాయన చెప్పిన సభ లేదు. సైరన్ లేదు. ఒక చెవిటి మనిషిని పాటలోకి మళ్ళీ ఎక్కించుకోవడానికి ఇంకో మనిషి మూసిన పిడికిలి. దేశమంతా గెంతేది దానికి. నాకు అప్పుడు నవ్వొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. ఏది ముందో చెప్పలేను.

గాజులోంచి ఆయన యజమానిని చూస్తున్నాడు. "ఫోను సేత్తన్నాడు. ఇంకోణ్ణి పిలుత్తన్నాడు కదా?"

అబద్ధం చెప్పలేదు. తలూపాను.

"సూడు బాబూ. పాట ఊళ్ళన్నీ ఎల్తాదంటన్నారు. ఎల్లినా నాకెలాగూ ఇనపడదు. అందులో నా దెబ్బ ఉన్నాదని తెలిస్తే సాలు. ఇంకోడి దెబ్బయితే నాకది కూడా ఉండదు." హెడ్‌ఫోన్లు నా చేతికిస్తూ, "మావోళ్ళకి మాత్రం సెప్పకు. సెవిటోణ్ణి పెట్టుకు పాడినాం అనుకుంటారు" అన్నాడు.

దర్శకుడికి ఒక్కడికే చెప్తానని ఒప్పించి బయటికొచ్చాను. నడవలో బృందంలో పెద్దవాడు, రైల్వే ఆయన, నన్ను చెయ్యి పట్టి పక్కకి లాగాడు.

"ఏటన్నాడు?"

"ఏమీ లేదు. కాస్త కంగారు."

"ఇనపడదని సెప్పినాడా?"

ఎవరైనా విన్నారేమోనని నేను నడవ అటూ ఇటూ చూశాను.

"మాకు తెల్దనుకుంటన్నాడేటి? ఎప్పుడో తెలుసు. పక్కనే బస్సు టైరు పేలితే తిరిగి సూళ్ళేదు. తెలిసిందని ఆయనకి సెప్పకండి, సిన్నబోతాడు."

ఒకరికొకరు తెలియకుండా కాపాడుకున్న ఇంత పెద్ద రహస్యం, అందరికీ తెలుసు. తెలియనిది నాకొక్కడికే. వాళ్ళందరి మధ్య చెవులతో బతికేవాణ్ణి నేనే.

దర్శకుడికి చెప్పాను. ఎక్కడా పెంచకుండా, ఉన్నదున్నట్టు. ఆయన కుర్చీలోంచి లేచాడు. గది ఈ మూల నుంచి ఆ మూలకి నడిచాడు.

"ఆ ఆగే చోటు ఎంతసేపో లెక్క కట్టడానికి నేను హైదరాబాదులో తలబద్దలు కొట్టుకున్నాను సార్. ప్రతి చరణంలోనూ కొంచెం తేడా ఉంది. క్లిక్ మీద ఎక్కడా కూర్చోదు. పెట్టిన చోటల్లా చచ్చిపోతోంది." నా వైపు తిరిగాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "క్లిక్ తీసేద్దాం. హెడ్‌ఫోన్లు తీసేద్దాం. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి. ఆ సైగలు ఇంకెవరికైనా వచ్చా?"

నేను తలుపు వైపు చూశాను. బయట బెంచీ మీద ఖలాసీ కూతురు పులిహోర డబ్బా మూత తీస్తోంది.

అడిగితే ఆమె బెదిరిపోయింది. "అంకుల్, మైఁ తో క్యాబిన్ మేఁ బైఠ్‌తీ హూఁ" అని, తాను పైన క్యాబిన్లో కూర్చునే మనిషినని హిందీలో మొదలుపెట్టి, దర్శకుడి కోసం తెలుగులోకి మారింది. "నేను సైగలు చూసేదాన్ని సార్. ఇచ్చేదాన్ని కాదు. ఇచ్చేది కిందోళ్ళు. నాకు చూడ్డమే వచ్చు."

"చూసింది చెయ్యలేవా అమ్మా?" అన్నాడు దర్శకుడు.

ఆమె డబ్బా మూత మళ్ళీ పెట్టింది. "నాన్న నిలబడ్డట్టు నిలబడాలా?" అంది. అది ప్రశ్న కాదు. చున్నీ నడుముకి బిగించి లోపలికొచ్చింది.

మద్దెలాయన ఆమెని చూడగానే స్టూలు ఆమెకు ఎదురుగా తిప్పుకున్నాడు. యజమాని నా చెవిలో, "పండిత్‌జీ, అందరూ ఒకే గదిలో అంటే ఒకడు దగ్గినా మొత్తం పోతుంది, తెలుసుగా?" అన్నాడు. తెలుసు. ముక్కలు అతికే వీలుండదు. మొదట్నించి చివరిదాకా ఒకేసారి కుదరాలి. సాక్చీ కుర్రవాడు అప్పటికే ప్యాడ్ సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కి వచ్చి, బెంచీ మీద కూర్చున్నాడు. రైలు వేళ దగ్గరపడుతోంది.

ఎర్ర బల్బు. ఆమె చూపుడు వేలు పైకెత్తి తిప్పింది. మద్దెల లేచింది. లేచీ లేవగానే నాకు తెలిసిపోయింది. అది పొద్దుట గాజు గదిలో వినిపించిన మద్దెల కాదు, వీడియోలో విన్న మద్దెల. గొంతులు దాని భుజాల మీదికి ఎక్కాయి. ఎత్తినాడే, ఎత్తినాడే, పైకెత్తినాడే. దర్శకుడు నా కుర్చీ వెనక నిలబడి నా భుజం పట్టుకున్నాడు.

విల్లెత్తే చోటు వచ్చింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం తడబడింది. తడబడి, రెండు చేతులూ బారచాపి, అరచేతులు నేల వైపు పెట్టి, అటూ ఇటూ గబగబా ఊపింది.

మద్దెల ఆగింది. ఆయన రెండు చేతులూ మద్దెల మీంచి తీసేసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. గొంతులు ఆగాయి. ఆమె మళ్ళీ వేలు తిప్పింది. ఆయన కదల్లేదు. ఇంకోసారి తిప్పింది. కదల్లేదు. స్టూలు మీంచి వంగి గదంతా చూస్తున్నాడు. మొహం పాలిపోయింది.

"ఎవులికి తగిలిందే అమ్మా?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆ అమ్మాయికి అర్థమైంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఎమర్జెన్సీ ఇచ్చినావు కదా? ఎమర్జెన్సీ ఇస్తే కింద ఎవుడో పడిపోనాడని. కింద మనిషిని సూసుకోకండా మళ్ళీ ఎలా ఎత్తుతాను?"

మొదట నవ్వింది రైల్వే ఆయన. తర్వాత గది మొత్తం. ఆయన ఒక్కడే నవ్వలేదు. పాడే మనుషుల వంక ఒక్కొక్కర్నీ చూసి, అందరూ బాగానే ఉన్నారని తేల్చుకున్నాకే నవ్వాడు. దర్శకుడు తల బల్లకానించి నవ్వుతున్నాడు. మిల్లు మూసి ఎన్నేళ్ళయిందో. ఆ చేతులకి ఇంకా తెలుసు, ఆ సైగ పడితే బరువు కదపకూడదని.

"మా ట్రైనింగ్‌లో అదే ముందు నేర్పుతారు" అంది ఆ అమ్మాయి, కళ్ళు తుడుచుకుంటూ. "భయమేస్తే చెయ్యి దానికే పోతుంది."

"మంచిదే నేర్పినారు" అన్నాడాయన. లేచి ఆమె దగ్గరికెళ్ళి, ఆమె కుడి చెయ్యి పట్టుకుని గుండె ఎత్తుకి తెచ్చాడు. "మీ నాయన ఇక్కడ పెట్టేవోడు. ఏళ్ళు ఒక్కొక్కటే మూసేవోడు, టక్కున కాదు. టక్కున మూస్తే బరువు ఊగుతాది."

"ఎంతసేపు పట్టుకోవాలి? కిత్నా గిన్‌నా హై?"

పెదాలు చూసి ఆయన అర్థం చేసుకున్నాడు. "లెక్కెట్టకు. పైకెత్తిన బరువు గొలుసుకి ఏలాడతా ఊగుతాదా? నీకు తెల్దేటి, రోజూ సూత్తావు. ఆ ఊగుడు ఆగినదాకా పట్టు. ఆగినాక దించు. బేగి దించితే ఎవుడి కాలి మీదో పడతాది."

నా వెనక దర్శకుడు ఊపిరి బిగపట్టిన సంగతి నాకు వినపడింది. ఆయన హైదరాబాదులో వెతికిన కొలత అది.

తర్వాత టేకులో ఆమె పిడికిలి సరిగ్గానే మూసింది, కానీ తొందరపడి తెరిచింది. మద్దెలాయన దింపలేదు. కళ్ళతోనే తిట్టాడు. గొంతులు మాత్రం దిగిపోయాయి. మళ్ళీ మొదటికి. యజమాని గడియారం చూశాడు. సాక్చీ కుర్రవాడు సంచీ జిప్పు తీశాడు, మూశాడు. దర్శకుడు అతని వైపు తిరిగి, "తమ్ముడూ, నువ్వు కూడా లోపలికొచ్చి చూడు. ఇది నీకు ఎక్కడా దొరకదు" అన్నాడు. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

ఆ తర్వాతి టేకే మీరు వింటున్నది.

ఆమె వేలు తిప్పింది. ఈసారి భయంగా కాదు. పైన క్యాబిన్లో ఉన్నవాడికి కనపడాలన్నంత స్పష్టంగా. మద్దెల లేచింది, గొంతులు లేచాయి, నా బల్ల మీద మీటర్ల ముళ్ళు ఎర్ర గీత దాకా పోయి వణికాయి. ఎత్తినాడే. ఆమె చెయ్యి గుండె దగ్గరికి వచ్చింది. వేళ్ళు ఒక్కొక్కటిగా ముడుచుకున్నాయి.

ముళ్ళన్నీ పడిపోయాయి. నా పనిలో నిశ్శబ్దమంటే ఏదో పాడైందని అర్థం. తీగ ఊడిందనో, కరెంటు పోయిందనో. జీవితంలో మొదటిసారి నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తున్నానని తెలిసి రికార్డు చేశాను. గదిలో ఎవరూ కదలడం లేదు. ఆ అమ్మాయి కళ్ళు పైకి, ఎక్కడో గది కప్పు దగ్గర ఉన్నాయి. అక్కడ ఏదో వేలాడుతోంది, ఊగుతోంది, నెమ్మదిస్తోంది. మద్దెలాయన అదే చోటు చూస్తున్నాడు. ఒట్టేసి చెప్తున్నాను, నేనూ చూశాను. అలంకారానికి ఈ మాట అనడం లేదు.

ఊగుడు ఆగింది. ఆమె వేలు కిందికి తిరిగింది.

దెబ్బ పడింది. ఇరిసినాడే.

దర్శకుడు గాలిలోకి గెంతాడు. నేను మాత్రం బల్ల దగ్గర గట్టిగా కూర్చున్నాను, పాట పూర్తయ్యేదాకా మీటల మీంచి చెయ్యి తియ్యకుండా. ఇంకా రెండు చరణాలున్నాయి. రెండు సార్లు ఆగాలి. రెండు సార్లూ ఆగారు. రెండు సార్లూ దిగారు.

పూర్తయ్యాక మొత్తం పెట్టి వినిపించాను. అందరూ స్పీకర్ల వైపు చూశారు. మద్దెలాయన ఆ అమ్మాయి వైపు చూశాడు. ఆమెకి ఎవరూ చెప్పలేదు. స్పీకర్లో పాట నడుస్తుంటే ఆయనకెదురుగా నిలబడి మళ్ళీ సైగలు చేసింది. ఆయన తొడ మీద వేళ్ళతో వాయించుకుంటూ పోయాడు. ఆగే చోట ఆగాడు. దిగే చోట స్పీకర్లోంచి దెబ్బ, ఆయన తొడ మీద చెయ్యి, రెండూ ఒక్కసారే పడ్డాయి. రైల్వే ఆయన అటు తిరిగి కిటికీ అద్దం తుడిచాడు. అది శుభ్రంగానే ఉంది.

"ఉన్నానా?" అని నన్నడిగాడు మద్దెలాయన.

"ఉన్నావు మామా. మొదట్నించి చివరిదాకా."

ఆయన మద్దెలని గుడ్డలో చుట్టుకున్నాడు. దర్శకుడు బండికి వెళ్ళాడు. యజమాని నన్ను గురూజీ అని పిలిచి టీ తెప్పించాడు. పులిహోర అందరం నిలబడే తిన్నాం. మెట్ల దగ్గర మద్దెలాయన ఆ అమ్మాయిని ఆపాడు.

"వచ్చే శనివారం ఏ షిఫ్టే నీది?"

ఆమె వేలితో ఒకటి అని చూపించింది. పొద్దుటి షిఫ్టు.

"అయితే సాయంకాలం మందిరానికొచ్చీ. మావోళ్ళు కూడా వత్తారు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "భజన నాకు రాదు అంకుల్. ఒక్క పాటా రాదు. గొంతే లేదు నాకు." ఆయనకు కనపడేలా ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పింది.

"మీ నాయనకి వచ్చీదేటి?" అన్నాడాయన. "ఒక్క ముక్క పాడేవోడా? ఆడు నోరిప్పితే మేం సెవులు మూసుకునేవోళ్ళం, నాకు సెవులున్నప్పుడు."

తండ్రి పోయాక ఆ పిల్ల నవ్వడం నేను అప్పుడే చూశాను. ఇనుప మెట్ల మీద నిలబడి చాలాసేపు నవ్వింది. జవాబు నోటితో చెప్పలేదు. స్కూటర్ తాళం ఎడమ చేతిలోకి మార్చుకుని, కుడి చెయ్యి మడిచి, చూపుడు వేలు పైకి పెట్టి తిప్పింది. ఆయన మద్దెలని భుజానికెత్తుకున్నాడు.